ఆరింటికి కేకు కట్ చేయాలంటే: పాతిక మందితో ఇంట్లోనే పుట్టినరోజు

ఇంట్లో పుట్టినరోజు చేస్తే ఫొటోల్లో అందరూ బాగానే ఉంటారు, ఆ ఇంటావిడ ఒక్కతే తప్ప. మా చిన్నదాని మూడో పుట్టినరోజు ఫొటోలు తీసి చూస్తే నా జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది, కొంగు బొడ్లో దోపి ఉంది. సగం ఫొటోల్లో అసలు లేనే లేను, వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. ఐదో పుట్టినరోజుకి లెక్క తిరగేశాను. ఆరు గంటలకి కేకు. అంటే నాలుగున్నరకల్లా నేను స్నానం చేసి, చీర మార్చుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఉండాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఏ పని రెండు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు, ఏది ముందు రోజు, ఏది వడ్డించే నిమిషం దాకా ముట్టుకోకూడదు అని. ఆ లెక్కకి లొంగిన వంటలే ఉంచాను. లొంగనివి తీసేశాను, బజ్జీలతో సహా.

మాది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్, రెండు బెడ్‌రూములది. వచ్చింది 12 మంది పిల్లలు, 13 మంది పెద్దలు. ఈ కొలతలన్నీ ఆ 25 మందికి, సాయంత్రం టిఫిన్‌లాగా. రాత్రి భోజనమే పెట్టాలంటే అది వేరే కథ, క్యాటరింగ్ వాళ్ళని పిలవడమే మంచిది.

మెనూ ఐదే: చింతపండు పులిహోర, ముంత మసాలా, కొబ్బరి లౌజు, గుడ్లు లేని కేకు, సబ్జా నిమ్మరసం. "ఐదేనా?" అని మా అత్తయ్య మొహం చిన్నబుచ్చుకున్నారు. పుట్టినరోజుకొచ్చిన పిల్లలు ఎలాగూ రెండు ముద్దలు తిని ఆటలకి పరిగెత్తుతారు. పెద్దవాళ్ళకి పులిహోర కడుపునిండా ఉంటే మిగతావి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు.

వారం ముందు: గోడ, కాగితాలు

ముందు ఏ గోడ దగ్గర కేకు కోయాలో తేల్చుకోండి. ఇల్లంతా అలంకరించాలని చూస్తే ఖర్చూ పెరుగుతుంది, ఇల్లూ ఇరుకవుతుంది. ఫొటోల్లో పడేది ఒక్క గోడే. దాన్నీ, గుమ్మాన్నీ చూసుకుంటే చాలు. ఆ గోడకి కర్టెన్ రాడ్ ఉన్న కిటికీ ఉంటే ఇక మేకులు, డ్రిల్లింగు, ఓనరుతో గొడవ ఏమీ ఉండవు. ఉన్న కర్టెన్లు తీసేసి ఆ రాడ్డుకే మన సరంజామా అంతా వేలాడదీయొచ్చు. మా హాల్లో సోఫా వెనక గోడ పెద్దది, అందమైనది. అయినా దాన్ని వదిలేసి కిటికీ గోడనే ఎంచుకున్నాను.

కాగితం పని పిల్లలకి అప్పజెప్పండి. రంగు కాగితాలు స్టేషనరీ షాపులో కొన్నా సరే, ఎక్కువ కావాలంటే బేగంబజార్ వెళ్ళినా సరే. స్కూల్లో ఆగస్టు 15కి మనం కట్టిన తోరణాలు గుర్తున్నాయిగా, అవే. కాగితాన్ని త్రికోణాలుగా కత్తిరించి, పైఅంచు వేలెడంత మడిచి, ఆ మడతలో పురికొస పెట్టి అంటించాలి. దానికి ఫెవికాల్ డబ్బా కొనక్కర్లేదు. రెండు టేబుల్ స్పూన్ల మైదాని గ్లాసుడు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో పాలిపోయి, చిక్కబడి, గరిటెకి అంటుకుంటుంది. అదే బంక. గోడ పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తారు. పిల్లల చేతులు నోట్లోకి వెళ్తాయి కాబట్టి మనం వేయకూడదు. వేయకపోతే రెండో రోజుకి పులిసిన వాసన వస్తుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే ఉడికించుకోండి.

ఆ త్రికోణాలు కాస్త అటూ ఇటూ అయినా వదిలేయండి. మా చిన్నది కత్తిరించిన వాటిలో సగం త్రికోణాలే కావు. సరిచేద్దామని కత్తెర పట్టుకున్నాను గానీ మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. వచ్చిన పిల్లలందరికీ అది చూపించింది ఆ వంకర ముక్కలే మరి.

గోడ మధ్యలోకి విసనకర్ర పూలు కావాలి. ఏ4 సైజు రంగు కాగితం తీసుకుని, పొట్టి అంచు దగ్గర మొదలుపెట్టి వేలెడు వెడల్పు మడతలు వేయండి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, పొడవంతా అయిపోయేదాకా. చివరికి 21 సెంటీమీటర్ల పొడవు పట్టీ మిగులుతుంది. దాన్ని సరిగ్గా మధ్యలో దారంతో బిగించి కట్టి, రెండు చివర్లూ పైకి తెచ్చి లోపలి అంచులు అంటిస్తే విసనకర్ర విచ్చుకుంటుంది. ఇలాంటివి రెండో మూడో పక్కపక్కన అంటిస్తే నిండు గుండ్రం వస్తుంది. మడత సన్నగా ఉంటే రెండు కాగితాలు చాలవు, మూడు కావాలి. ఇలా ఏడెనిమిది పూలు చేసి, వెనక చిన్న అట్టముక్క అంటించి, పాత సూట్‌కేసులో పరిచి పెట్టుకున్నాం. చార్టు అట్ట మాత్రం దీనికి తీసుకోకండి. మడత పడదు, పడినా విరుగుతుంది.

రెండు రోజుల ముందు: చింతపండు గుజ్జు, పాకం

పులిహోరలో కష్టమంతా గుజ్జులోనే ఉంది. అది రెండు రోజుల ముందు అయిపోతే ఆ రోజు మిగిలేది అన్నం వండి కలపడమే.

కిలోంబావు బియ్యానికి 150 గ్రాముల చింతపండు. గింజలు, పీచు తీసేసి రెండు గ్లాసుల వేడినీళ్ళలో అరగంట నానబెట్టండి. కొత్త చింతపండైతే పులిహోర పచ్చగా కళకళలాడుతుంది, పాతదైతే రంగు నలుపు తిరుగుతుంది. రుచికి రెండూ బాగుంటాయి. బాగా పిసికి, చిక్కగా వడగట్టాలి. నీళ్ళు ఎక్కువ పోస్తే ఆ నీరంతా ఇగిరేదాకా పొయ్యి దగ్గర మీరే నిలబడాలి.

అడుగు మందంగా ఉన్న బాణలిలో ఆరు టేబుల్ స్పూన్ల పప్పునూనె వేసి, కాగాక 12 పచ్చిమిరపకాయల్ని నిలువుగా చీరి వేయండి. అవి తెల్లబడగానే గుజ్జు పోసి, టీస్పూను పసుపు, రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు, నిమ్మకాయంత బెల్లం. పిల్లలు తినాలి కాబట్టి బెల్లం కాస్త ఎక్కువే వేశాను. మంట తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు. మొదట్లో బుడబుడ ఉడుకుతూ చిందుతుంది, మూత సగం పెట్టండి. చివరికి బుడగలు పెద్దవై, నెమ్మదించి, నూనె అంచుల వెంట పైకి తేలుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత ఒక క్షణం అలాగే నిలబడాలి. అప్పుడు దించేసి, పూర్తిగా చల్లారాక పొడి గాజు సీసాలో పెట్టేయండి. తడి గరిటె తగలకపోతే ఫ్రిజ్‌లో వారం పైనే ఉంటుంది.

అదే పూట రెండో పొయ్యి మీద నిమ్మరసానికి పాకం కాచేశాను. కిలో పంచదార, ముప్పావు లీటరు నీళ్ళు. కరిగాక ఐదు నిమిషాలు మరగనిచ్చి, చల్లార్చి సీసాలో పోయడమే, తీగపాకం దాకా వెళ్ళక్కర్లేదు. నిమ్మకాయలు మాత్రం ఇప్పుడే పిండొద్దు. పిండిపెట్టిన రసం మర్నాటికి చేదు తిరుగుతుంది.

ముందు రోజు: కేకు, లౌజు, బంతిపూలు

కేకుకి మాకు ఓవెన్ లేదు. చాలామంది ప్రెషర్ కుక్కర్‌లో నీళ్ళు పోయకుండా, విజిల్ తీసేసి కేకు చేస్తారు, నేనూ చేసేదాన్ని. నీళ్ళు లేకుండా పొయ్యి మీద పెట్టొద్దని కుక్కర్ కంపెనీలే చెబుతాయి. రోజూ పప్పు ఉడికించుకునే కుక్కర్‌ని ఎందుకు పాడుచేసుకోవడం? పెద్ద, మందపాటి పాత అల్యూమినియం గిన్నె ఒకటి ఏ ఇంట్లో అయినా అటక మీద ఉంటుంది. దాని అడుగున అంగుళం మందాన రాళ్ళ ఉప్పు పరిచి, మధ్యలో స్టీలు రింగు ఒకటి పెట్టి, సరిగ్గా పట్టే పళ్ళెం మూతేసి, మధ్యస్థం మంట మీద 10 నిమిషాలు కాగనివ్వండి. ఆ ఉప్పు మళ్ళీ కేకులకే పనికొస్తుంది, కూరల్లోకి వాడొద్దు.

గిన్నె కాగుతుండగా పిండి. ఒకే కప్పుతో కొలవండి: కమ్మటి పెరుగు ఒక కప్పు, పొడి చేసిన పంచదార ముప్పావు కప్పు, నూనె అరకప్పు, మైదా కప్పున్నర. వీటికి బేకింగ్ పౌడర్ టీస్పూనుంబావు, వంటసోడా అర టీస్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను.

పెరుగు, పంచదార గిలక్కొట్టి, అందులో బేకింగ్ పౌడర్, సోడా వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. పెరుగు నురగలు కక్కుతూ పొంగుతుంది. పొంగలేదంటే సోడా పాతదని అర్థం, అక్కడే ఆగి కొత్త ప్యాకెట్ తెప్పించుకోండి, కేకు అయ్యాక ఏడ్చేకంటే నయం. తర్వాత నూనె, ఎసెన్స్, ఆ పైన జల్లించిన మైదా కొంచెం కొంచెంగా. మైదా పడ్డాక ఎక్కువసేపు గిలక్కొట్టకూడదు, గట్టిపడుతుంది. పొడిపిండి కనపడకుండా కలిసిందా, ఆపేయడమే. పిండి దోసెల పిండి కంటే చిక్కగా, గరిటె నుంచి పట్టీలా జారాలి.

ఏడంగుళాల గుండ్రటి టిన్నుకి నూనె రాసి, అడుగున బటర్ పేపర్ వేసి, పిండి పోసి, వేడెక్కిన గిన్నెలో రింగు మీద పెట్టండి. మంట పూర్తిగా తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు. మొదటి అరగంట మూత తెరిచారో, మధ్యలో గుంట పడుతుంది. వాసన ఇల్లంతా పాకాక చాకు గుచ్చి చూడండి, పిండి అంటకుండా వస్తే అయినట్టే. 25 మందికి ఇలాంటివి రెండు కావాలి. రెండో దానికి పిండి అప్పటికప్పుడు కలుపుకోవాలి, ముందే కలిపిపెడితే పొంగు దిగిపోతుంది.

రెండూ బాగా చల్లారాక ఒకదాని మీద ఒకటి. మధ్యలో పొడిగా ఉండకుండా నిన్నటి పంచదార పాకమే కాస్త నీళ్ళు కలిపి నాలుగు చెంచాలు చిలకరించాను. పైపూతకి క్రీమ్ గిలక్కొట్టే పని పెట్టుకోకండి. మన ఎండలకి, కరెంటు కోతలకి అది నిలబడదు. 300 గ్రాముల డార్క్ చాక్లెట్ కాంపౌండ్ ముక్కలు చేసి, 150 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్‌తో కలిపి, మరిగే నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. నీటి చుక్క పడితే చాక్లెట్ పలుకులు కడుతుంది, గిన్నె అడుగు తుడిచి మరీ దించాలి. గోరువెచ్చగా అయ్యాక కేకు మీద పోసి, అట్లకాడతో పక్కలకి లాగడమే. పైన జెమ్స్ బిళ్ళలతో మా పెద్దవాడు 5 అంకె పేర్చాడు, పేర్చినన్ని తిన్నాడు.

కొబ్బరి లౌజుకి మూడు పెద్ద కొబ్బరికాయలు, అరకిలో బెల్లం. బెల్లాన్ని అరగ్లాసు నీళ్ళతో కరిగించి తప్పకుండా వడగట్టండి, ఇసుక ఉంటుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి తురుము వేసి, సన్న మంట మీద కలుపుతూ 20 నిమిషాలు. ఎప్పుడు దించాలనేదే ఇందులో కిటుకు. చిన్న ముద్ద తీసి చన్నీళ్ళలో వేస్తే విడిపోకుండా మెత్తటి ఉండ అవ్వాలి. ఉండ గట్టిగా అయ్యేదాకా ఆగితే చల్లారాక రాయే. ఒక ఏడాది నేను చేసినవి పిల్లలు గోలీలాడుకున్నారు, అతిశయోక్తి కాదు. దించాక యాలకుల పొడి వేసి, చెయ్యి పట్టే వేడిలో నేతి చేత్తో ఉండలు చుట్టండి. 35 దాకా వస్తాయి. పచ్చి కొబ్బరి కాబట్టి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు గంట ముందు బయటికి తీస్తే సరి.

సాయంత్రం పూల పని. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్, గోదావరి వైపు కడియపులంక లాంటి చోట్ల విడిపూలు కిలోల్లెక్కన దొరుకుతాయి, కట్టిన దండ కంటే బాగా చవక. శ్రావణ శుక్రవారాలకి, బతుకమ్మ, దసరా రోజులకి మీ తేదీ దగ్గర పడిందంటే మాత్రం ధర చూసి గుండె ఆగుతుంది. అప్పుడు పూలు గుమ్మానికే పరిమితం చేసి, గోడకి కాగితాలతో సరిపెట్టండి. మేము రెండు కిలోల బంతి తెచ్చాం, పసుపు కిలో, నారింజ కిలో.

దబ్బనంలో దారం పోగులు రెండు కలిపి ఎక్కించి, పువ్వుని తొడిమ వైపు నుంచి మధ్యలోకి గుచ్చాలి. పక్కనుంచి గుచ్చితే రేకులు రాలిపోతాయి. ఐదు పువ్వులకొక మామిడాకు, సగానికి మడిచి గుచ్చితే దండకి పచ్చదనం వస్తుంది, పూలూ తక్కువ పడతాయి. కట్టిన దండల్ని తడి గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు చల్లి మూతి కట్టేస్తే తెల్లారేసరికి మగ్గి నల్లబడతాయి. టీవీలో ఏదో ఒకటి పెట్టుకుని నలుగురు కూర్చుంటే గంటన్నరలో అయిపోతుంది. మా అత్తయ్య కథలు కూడా అయ్యాయి.

ఆ రోజు పొద్దున: చీరలు, బెలూన్లు

వెనక తెర కోసం కొన్నది ఏమీ లేదు, మూడు మంగళగిరి నూలు చీరలు. చీర ఐదున్నర మీటర్లుంటుంది కదా, రాడ్డు మీదుగా సగానికి వేస్తే ముందువైపు తొమ్మిదడుగుల దాకా దిగుతుంది, నేల మీద కుచ్చు పడేంత. వెడల్పు ఒక్కో చీరకి మూడుముప్పావు అడుగులు. మూడూ పక్కపక్కన వేసి, కుచ్చెళ్ళు దగ్గరికి లాగితే ఆరేడడుగుల గోడ నిండుగా కనిపిస్తుంది. కుచ్చెళ్ళని పైన రాడ్డు కింద పిన్నీసులతో పట్టేయండి. ఇస్త్రీ ముఖ్యం. మడత గీతలు కంటికి అంతగా కనపడవు గానీ ఫొటోలో కొట్టొచ్చినట్టు ఉంటాయి. నిండు జరీ, నెట్టెడ్ చీరలు వద్దు, ఫ్లాష్‌కి తెల్లగా మెరిసి మనుషుల మొహాలు నల్లగా పడతాయి. పెళ్ళిపట్టు అసలే వద్దు, పిన్నీసు రంధ్రం పూడదు.

చీరల మీద విసనకర్ర పూలు పిన్నీసులతో, పైన కాగితాల తోరణం, అటూ ఇటూ రెండేసి బంతిదండలు నిలువుగా. దండలు మధ్యాహ్నం మూడు దాటాక కట్టండి, అప్పటిదాకా తడిగుడ్డలోనే.

బెలూన్లు 40 చాలు. ఉదయమే ఊదేస్తే సాయంత్రానికి వాడతాయి, మేము రెండింటికి మొదలుపెట్టాం. నోటితో ఊదొద్దు, చిన్న చేతిపంపు కొనుక్కోండి. నిండా ఊదితే ముట్టుకుంటే పేలుతుంది, గుండ్రంగా ఉండగానే ఆపేయాలి. రెండు బెలూన్లు మూతులు కలిపి ముడేసి, అలాంటి జతలు రెండు ఒకదానిలో ఒకటి మెలిపెడితే నాలుగు రేకుల పువ్వులా గుత్తి వస్తుంది. గుత్తుల మధ్య నుంచి నైలాన్ దారం తిప్పుకుంటూ పోతే దండ. పది గుత్తులు రాడ్డుకి ఒక మూల నుంచి జారవిడిచాం.

గోడకి నేరుగా ఏదైనా అంటించాలంటే పేపర్ టేప్ వాడండి. మూడో పుట్టినరోజుకి నేను డబుల్ టేప్ వాడాను. బెలూన్లతో పాటు అరచేయంత మేర సున్నం ఊడొచ్చింది. ఖాళీ చేసేటప్పుడు చూద్దాం లెండి అని ఓనరుగారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కొన్ని వద్దంటే వద్దు. గ్యాస్ బెలూన్లు: వీధిలో అమ్మేవాటిలో చాలాచోట్ల హైడ్రోజనే నింపుతారు, కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. నురగ స్ప్రే కూడా అంతే, మండే గుణం ఉంది, కేకు కోసే చోట అసలు ఉండకూడదు. దీపావళి సీరియల్ లైట్లు పెట్టాలంటే వేడెక్కని ఎల్‌ఈడీవి మాత్రమే, అవీ చీరకి కాస్త ఎడంగా. మా టేబుల్‌ని తెరకి మూడడుగులు ముందుకి జరిపాం. కొవ్వొత్తి ఒక్కటే, ఆర్పగానే తీసేశాం. పేలిన బెలూన్ ముక్కల్ని ఎప్పటికప్పుడు ఏరే పని ఒకరికి అప్పజెప్పండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

మధ్యాహ్నం: అన్నం కలపడం

పన్నెండున్నరకి బియ్యం. సోనా మసూరి, కొత్తవి కాకూడదు, ముద్దవుతుంది. గ్లాసుకి రెండు గ్లాసుల కంటే కాస్త తక్కువ నీళ్ళు. కుక్కర్‌లో కిక్కిరిసి ఉడికితే మెతుకు విరుగుతుంది, రెండు వాయిలుగా వండాను.

వేడన్నాన్ని వెడల్పాటి బేసిన్‌లో పరిచి, మూడు చెంచాల నూనె, అర చెంచా పసుపు, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు వేడి మీదే వేయండి. ఆ ఆవిరికి కరివేపాకు వాసన అన్నానికి పడుతుంది. ఆరేదాకా కలపొద్దు. చెయ్యి పెట్టగలిగాక గుజ్జు ముప్పావు వంతు వేసి వేళ్ళతో కలిపి, నోట్లో వేసుకుని, మిగతాది చూసి వేయండి. ఉప్పు చాలకపోతే ఇప్పుడే. ఊరాక పులుపు తగ్గినట్టుంటుంది కాబట్టి కలిపినప్పుడు ఒక పిసరు ఎక్కువ అనిపించాలి.

పోపు ఇప్పుడు: గ్లాసులో సగానికి నూనె, 150 గ్రాముల పల్లీలు ముందు వేయించి పక్కకి తీసి, తర్వాత శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, పది ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. పల్లీలు మాత్రం వడ్డించే ముందే కలిపితే కరకరలాడతాయి. మా అత్తయ్యది పశ్చిమ గోదావరి, ఆవ పెట్టకపోతే అది పులిహోరే కాదంటారు. రెండు చెంచాల ఆవాలు, మూడు ఎండుమిర్చి నానబెట్టి నూరిన ముద్దని చల్లారిన అన్నంలో కలపాలి, వేడి మీద వేస్తే చేదొస్తుంది. ఘాటు ముక్కుకి ఎక్కుతుంది కాబట్టి పెద్దల వాటాలోనే కలిపాం. ఒంటిగంటన్నరకి బేసిన్ మీద మూత పడింది. ఆరింటికి తినేటప్పటికి చక్కగా ఊరింది.

ఆఖరి గంట

మరమరాలు అరకిలో (రాయలసీమ వాళ్ళ బొరుగులు), పొద్దున్నే నూనె లేకుండా ఐదు నిమిషాలు వేయించి గట్టి మూత డబ్బాలో పెట్టాను. నాలుగింటికి ఆరు ఉల్లిపాయలు, మూడు టమాటాలు సన్నగా తరిగి, టమాటా గింజల నీరు తీసేసి, విడివిడిగా గిన్నెల్లో. పక్కన కొత్తిమీర, వేయించిన పల్లీలు 200 గ్రాములు, సన్న కారప్పూస పావుకిలో, చిన్న గిన్నెలో కారం, ఉప్పు, పసుపు కలిపిన నూనె, నాలుగు నిమ్మకాయలు. ఇక్కడితో నా పని అయిపోయింది. కలిపేది మా ఆయన, అదీ ఎవరికి వాళ్ళు అడిగినప్పుడు, ఎనిమిది మందికి ఒకసారి చొప్పున. ముందే కలిపితే పది నిమిషాల్లో మెత్తబడి చద్దిమూటలా ఉంటుంది.

పొట్లాలు పిల్లలు తెల్ల కాగితాలతో చుట్టారు. న్యూస్‌పేపర్ వాడొద్దు. సిరా తిండికి అంటుతుంది, దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ 2016లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పులిహోరకి అడ్డాకుల విస్తరి గిన్నెలు, కేకుకి కూడా అవే. పొట్లాలు నిలబడ్డానికి షూ బాక్స్ మూతకి రంగు కాగితం చుట్టి రంధ్రాలు చేశాం. టేబుల్ మీద అలంకరణగా అదే సరిపోయింది.

నిమ్మరసానికి నాలుగు చెంచాల సబ్జా గింజలు ముందు 20 నిమిషాలు నీళ్ళలో ఉబ్బనివ్వాలి. 25 నిమ్మకాయలు పిండి పాకంలో కలిపి, చెంచా ఉప్పు, గుప్పెడు పుదీనా వేసి ఉంచండి. ఏడు లీటర్ల చల్లటి నీళ్ళు అందరూ వచ్చాక పోస్తే చాలు. గింజలు గొంతులో పడతాయేమో అనిపించే పసివాళ్ళకి వడగట్టి ఇవ్వండి.

గుమ్మం ముందు ముగ్గు మా పక్కింటి అక్క వేసింది. మధ్యలో 5 అంకె, చుట్టూ నేలమీద రాలిన బంతి రేకులు. "నువ్వు పోయి తయారవు, నేను చూస్కుంటా" అని నన్ను లోపలికి తోసింది కూడా ఆవిడే. తయారై ఫ్యాన్ కింద కూర్చుని గడియారం చూస్తే నాలుగూ నలభై. పది నిమిషాలు లేటు.

మొత్తం ఖర్చులో అలంకరణ వాటా ఆరు వందల చిల్లర: పూలు, కాగితాలు, బెలూన్లు, పంపు, టేప్. తిండికి ఎక్కువ పడింది చాక్లెట్‌కీ, కొబ్బరికాయలకీ. పులిహోరకి పెద్దగా ఏమీ కాలేదు, గిన్నె మాత్రం ముందు అదే ఖాళీ అయింది.

ఒక పని మాత్రం ఎంత అలసిపోయినా ఆ రాత్రే చేయండి. పేపర్ టేప్ కూడా రోజుల తరబడి ఉంటే గోడని పట్టేసుకుంటుంది. మన మీదికి లాగకుండా, గోడకి ఆనించినట్టుగా నెమ్మదిగా కిందికి ఒలవాలి. చీరల పిన్నీసులు తీసి లెక్కపెట్టండి, ఒక్కటి కుచ్చెళ్ళలో ఉండిపోయినా వాషింగ్ మెషిన్‌లో చీర చిరుగుతుంది. మావి 26 పెట్టాం, 25 దొరికాయి. ఇరవయ్యారోది మర్నాడు విసనకర్ర పువ్వు వెనక కనిపించింది. బంతిపూలు మొక్కల కుండీల్లోకి, కాగితాల తోరణం చుట్టచుట్టి మళ్ళీ అదే సూట్‌కేసులోకి.